ఫ్లిన్ ఫ్లాన్ బాంబర్స్

కెనడాలో మానిటోబా, సస్కాచెవాన్ రాష్ట్రాల సరిహద్దు మీదున్న గనుల పట్టణం ఫ్లిన్ ఫ్లాన్‌కు చెందిన జూనియర్ ఐస్ హాకీ జట్టు. 1927లో ఏర్పడింది. ఊరి పేరు ఒక చవక నవలలోని కథానాయకుడి నుంచి వచ్చింది; బతుకుతెరువు మాత్రం 2022 దాకా రాగి, జింకు గనులది. 1957లో ఒట్టావా జట్టుతో ఏడు ఆటలదాకా సాగిన పోరులో గెలిచి, దేశపు జూనియర్ హాకీలో అత్యున్నతమైన మెమోరియల్ కప్‌ను ఈ మారుమూల ఊరికి తెచ్చింది.

జట్టు తయారుచేసిన ఆటగాళ్లలో మేటి, ఇదే ఊళ్లో పుట్టిన బాబీ క్లార్క్. మధుమేహం ఉందని పెద్ద జట్లు వెనకాడాయి. 1969లో వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు పదహారుమంది తర్వాతే ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ అతణ్ణి తీసుకుంది. అతని నాయకత్వంలోనే ఆ జట్టు 1974, 1975లలో వృత్తి హాకీలో అత్యున్నతమైన స్టాన్లీ కప్ గెలిచింది. వెనకాడినవాళ్లు చూస్తూ ఉండిపోయారు.

బాంబర్స్ ఇప్పుడు సస్కాచెవాన్ జూనియర్ లీగ్‌లో ఆడుతోంది. సొంత ఆటలు విట్నీ ఫోరంలో జరుగుతాయి.