ఐ.సి.యు. కిడ్నీ మిషను: కాల్షియం చీటీలో రెండు అంకెలు ఎందుకు?

డాక్టరు కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో చెబుతారు, చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో పెద్దావిడకు తెలుగులో చెప్పాలి. మన సభ్యుల కుటుంబాలకు ఇది కొత్త కాదు. అలా చెప్పడానికి కష్టమైన సంగతుల్లో ఒకటి, ఐ.సి.యు.లో కిడ్నీ మిషను మీద ఉన్నవారి కాల్షియం. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాం.

కిడ్నీలు హఠాత్తుగా ఆగిపోయి, బీపీ కూడా నిలవని రోగి నాలుగు గంటల మామూలు డయాలసిస్‌ను తట్టుకోవడం కష్టం. వారికి రాత్రింబవళ్లు నెమ్మదిగా నడిచే మిషను పెడతారు. దాన్ని సి.ఆర్.ఆర్.టి. అంటారు. రక్తం బయటి గొట్టాల్లో, ఫిల్టరులో తిరిగేటప్పుడు గడ్డకట్టకూడదు. కడితే అందులోని రక్తం పోతుంది, కొత్త ఫిల్టరు ఖర్చు బిల్లుకెక్కుతుంది. హెపారిన్ ఇవ్వవచ్చు గానీ దాని ప్రభావం ఒళ్లంతా ఉంటుంది. కొత్తగా ఆపరేషన్ అయినవారికి, రక్తస్రావం ఉన్నవారికి అది ప్రమాదం.

రెండో దారి సిట్రేట్. నిమ్మపండు పులుపుకు బంధువే. రక్తదాన శిబిరాల్లో మనం ఇచ్చే రక్తం సంచిలో గడ్డకట్టకుండా ఉండేదీ దీనివల్లే. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. రక్తం మిషనులోకి వెళ్లే చోట కలిపిన సిట్రేట్ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఈ జంటలో కొంత ఫిల్టరు దాటి వ్యర్థ ద్రవంలోకి పోతుంది. మిగిలినది ఒంట్లోకి వెళితే ముఖ్యంగా కాలేయం సిట్రేట్‌ను బైకార్బనేట్‌గా మార్చి, కాల్షియాన్ని విడిచిపెడుతుంది. బయటికి పోయిన కాల్షియానికి బదులు వేరే పంపుతో కాల్షియం ఎక్కిస్తారు. అంతా జమాఖర్చుల వ్యవహారమే, రోజువారీ చిట్టా తేలాలి.

చీటీలో గాభరా పెట్టేది ఇక్కడే. నమూనాలు రెండు. ఫిల్టరు తర్వాత గొట్టం నుంచి తీసినదాంట్లో స్వేచ్ఛా కాల్షియం లీటరుకు సుమారు 0.25 నుంచి 0.35 మిల్లీమోల్స్ ఉండాలనే చూస్తారు. అది మిషను లెక్క, రోగిది కాదు. రోగి ఒంటి నుంచి తీసినది దాదాపు 1.0 నుంచి 1.2 మధ్య ఉండాలి. 0.3 చూసి ఏడుపులు మొదలుపెట్టేముందు ఆ నమూనా ఎక్కడిదో అడగండి. మామూలు ల్యాబు రిపోర్టులో కనిపించే 9, 10 అంకెలు మొత్తం కాల్షియానివి, డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో. అందులో దాదాపు సగమే స్వేచ్ఛగా ఉండి పనిచేస్తుంది. మిగతాది ఎక్కువగా ఆల్బుమిన్‌ను అంటుకుని ఉంటుంది. ఐ.సి.యు. రోగుల్లో ఆల్బుమిన్ పడిపోతుంది గనక మొత్తం అంకెను నమ్మలేం.

స్వేచ్ఛా కాల్షియం తగ్గితే మూతి చుట్టూ తిమ్మిరి, కండరాల పట్టు, బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం రావచ్చు. వెంటిలేటరు మీద మత్తులో ఉన్న మనిషి తిమ్మిరి అని చెప్పలేడు. అందుకే మొదట్లో తరచుగా, నిలకడ వచ్చాక నాలుగు నుంచి ఆరు గంటలకోసారి పరీక్ష. ‘ఊరికే రక్తం తీస్తున్నారు’ అని నర్సమ్మతో తగవు పెట్టుకోకండి.

కాలేయం బాగాలేకపోతే, లేదా తీవ్రమైన షాక్‌లో ఉంటే సిట్రేట్ కరగక పేరుకుపోతుంది. అప్పుడు మొత్తం కాల్షియం పెరుగుతూ, స్వేచ్ఛా కాల్షియం తగ్గుతూ ఉంటుంది. రెండింటినీ ఒకే కొలతలోకి మార్చి భాగిస్తే 2.5 దాటడం హెచ్చరిక. వైద్యులు సిట్రేట్ తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. కుటుంబం చేయగల పెద్ద సాయం ఇక్కడే ఉంది: తాగుడు అలవాటు, పాత కామెర్లు, థైరాయిడ్ ఆపరేషన్, ఇంట్లో వేసుకునే కాల్షియం మాత్రలు, ఏదీ దాచకుండా చెప్పండి. పరువు కోసం తాగుడు సంగతి మింగేయడం మనవాళ్లలో ఎక్కువ. ఐ.సి.యు.లో అది పనికిరాదు.

సిట్రేట్ అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. కొన్నిచోట్ల హెపారిన్‌తోనో, మందేదీ లేకుండానో నడుపుతారు. జర్మనీలో జరిపి 2020లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో ఫిల్టరు సిట్రేట్‌తో సుమారు 47 గంటలు, హెపారిన్‌తో 26 గంటలు నిలిచింది. రక్తస్రావం తగ్గింది గానీ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువయ్యాయి. కనుక మీ ఆసుపత్రి హెపారిన్ వాడుతోందంటే వెనకబడిందని కాదు.

స్కాన్ కోసమో, ఫిల్టరు మార్చడానికో మిషను ఆపినప్పుడు సాధారణంగా కాల్షియం పంపునూ ఆపుతారు. అది ఒక్కటే ఎక్కుతూ ఉంటే కాల్షియం మితిమీరుతుంది. అలారం మోగితే మీరు ఏ బటనూ ముట్టకుండా నర్సును పిలవండి.