దాళ్వా నీటి వెనక కొండలు

కాట్రేనికోనలో కొండ లేదు. తవ్వితే ఒండ్రు, ఇంకా లోతుకు పోతే ఇసుక. అయినా మన్యంలో కొండల కోసం జరిగిన పోరాటం ఈ ఊరి చరిత్ర కూడా అని నా వాదన. అందుకు సాక్ష్యం దాళ్వా. ఎండలు ముదిరి గోదావరి సన్నబడ్డాక డెల్టాలో రెండో పంటను గట్టెక్కించేది చాలామటుకు సీలేరు నీళ్లే. వంతులవారీగా వదిలిన నీరు శివారుకొచ్చేసరికి బోదెలో మడమ తడిస్తే గొప్ప. ఈలోగా చేలు నెర్రెలిస్తాయి, గట్టు మీదికి ఇంజన్లు వస్తాయి. ఆ నీరు మన్యంలోని మాడుగుల కొండల్లో మాచ్‌ఖండ్‌గా పుట్టి, సీలేరై, శబరితో కలిసి కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది.

మన్యం కొండలకు కోర్టులో రక్షణ దొరికింది అనంతగిరి మండలం నిమ్మలపాడు వల్ల. అక్కడ కాల్సైట్ తవ్వకాలకు ప్రభుత్వం ప్రైవేటు కంపెనీకి లీజిచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1/70 చట్టం చెబుతుంటే ప్రభుత్వమే ఎలా ఇస్తుందని సమత సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో ఆ లీజులు చెల్లవంది. చట్టంలోని ‘వ్యక్తి’ అన్న మాట ప్రభుత్వానికీ వర్తిస్తుందని తేల్చింది. నా దృష్టిలో తీర్పుకు ప్రాణం అదే. అనంతగిరి నీళ్లు గోస్తనిలోకి పోతాయి, మనకేమిటని అడగవచ్చు. కానీ తీర్పు ఒక్క కొండకు పరిమితం కాలేదు, రాష్ట్రంలోని ఏజెన్సీ అంతటికీ వర్తించింది.

అయితే ప్రభుత్వ సంస్థలు తవ్వుకునే వీలు తీర్పులోనే మిగిలింది. బాక్సైట్ ఆ దారినే వచ్చింది. జెర్రెలలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని ఖనిజాభివృద్ధి సంస్థకు మళ్లిస్తూ 2015 నవంబరులో జీవో 97 వెలువడింది. గిరిజనులు ఒప్పుకోలేదు. 2019లో ఆ జీవో రద్దయింది. తీర్పు మూయని తలుపును మూయించింది కొండవాళ్ల పట్టుదలేనని నేను నమ్ముతాను. దేశానికి అల్యూమినియం అక్కర్లేదా అంటే, కావాలి. కానీ కొండ నెత్తిన గుల్లగా పరుచుకున్న ఆ బాక్సైట్ పొరే వాన నీటిని పీల్చుకుని ఊటలుగా, గెడ్డలుగా మెల్లగా వదులుతుంది. దాన్ని ఒలిచాక తిరిగి పరచలేం. బలిమెల, డొంకరాయి జలాశయాలుండగా కొండలతో పనేమిటన్న మాటా వినిపిస్తుంది. జలాశయం నీటిని దాస్తుంది, పుట్టించదు. జెర్రెల ఉన్న గూడెంకొత్తవీధి మండలంలోనే సీలేరు ఊరూ ఉంది. అక్కడి కొండలు బోడి అయితే వానకు కొట్టుకొచ్చే మట్టి జలాశయాల అడుగునే పేరుకుంటుంది. అక్కడ తగ్గిన నీరు మార్చి నెలలో ముందుగా తెలిసొచ్చేది కాలవ చివరన ఉన్న కాట్రేనికోన చేలకే.