విరహానికి వ్యాఖ్యానం: ఇబ్నుల్ అరబీ 'తర్జుమానుల్ అష్వాఖ్' వివాదం

హిజ్రీ 611 (క్రీ.శ. 1214-15) ప్రాంతంలో సిరియా దేశపు హలబ్ నగరంలో ఒక చిన్న కవితా సంపుటి పండితుల మధ్య పెద్ద చర్చకు కారణమైంది. ఆ సంపుటిలో ఉన్నవి 61 కవితలు. పేరు 'తర్జుమానుల్ అష్వాఖ్', అంటే హృదయంలోని తపనలకు దుబాసీ అని అర్థం. కర్త షేక్ ముహియుద్దీన్ ఇబ్నుల్ అరబీ (రహ్మలై). నగరానికి చెందిన ఒక ఫఖీహ్ ఈ కవితలను చదివి గట్టిగా ఆక్షేపించారు. ఇవి కేవలం స్త్రీని ఉద్దేశించిన ప్రేమగీతాలనీ, వీటిలో దైవ రహస్యాలు ఉన్నాయని చెప్పడం తన ధర్మనిష్ఠకు మచ్చ రాకుండా షేక్ కప్పుకున్న ముసుగనీ ఆయన అభియోగం.

ఈ అభియోగం తేలికైనది కాదు. ఒక పండితుని సత్యసంధత, ఒక గౌరవనీయ కుటుంబపు ఆడబిడ్డ పరువు అందులో ఇమిడి ఉన్నాయి. వీటికి తోడు మరో మౌలిక ప్రశ్న కూడా ఉంది. మానవ ప్రేమకు పుట్టిన భాషతో సృష్టికర్తను గురించి మాట్లాడవచ్చునా?

ఇబ్నుల్ అరబీ హిజ్రీ 560 (1165)లో అందలుస్‌లోని ముర్సియా నగరంలో జన్మించారు. ఇష్బీలియాలో పెరిగారు. మగ్రిబ్ దేశాలు తిరిగి, హిజ్రీ 598 (1202)లో మక్కా చేరారు. అక్కడ మఖామె ఇబ్రాహీం వద్ద ఇమాముగా ఉన్న ఇస్ఫహాన్ వాస్తవ్యుడు జాహిర్ బిన్ రుస్తుంతో ఆయనకు సాన్నిహిత్యం ఏర్పడింది. ఆయన వద్దనే తిర్మిజీ హదీసు సంకలనాన్ని విన్నారు. జాహిర్ సోదరి వయోవృద్ధురాలు, హదీసు విద్యలో పేరుగన్న విదుషి. ఆమె వద్ద కూడా హదీసు వినాలని షేక్ కోరగా, వార్ధక్యం చేత తనకు శక్తి లేదని ఆమె చెప్పుకున్నారు. అయినా ఆమె పక్షాన సోదరుడు అనుమతి పత్రం వ్రాసి ఇచ్చారు.

ఈ ఇంటి బిడ్డే నిజామ్. ఆమె పాండిత్యం, నిరాడంబరత, వాక్చాతుర్యం షేక్‌ను ముగ్ధుణ్ణి చేశాయి. తన కవితల్లో వచ్చే ప్రతి పేరూ, ప్రతి నివాసమూ ఆమెనే సూచిస్తాయని ఆయన పీఠికలో దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. అదే పీఠికలో, తాను ఎల్లవేళలా సంకేతిస్తున్నది దైవికమైన స్ఫురణలనే అని కూడా వ్రాశారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన నిలవడమే చిక్కు తెచ్చిపెట్టింది.

అదే పీఠికలో మరో సంఘటన ఉంది. ఒక రాత్రి కాబా ప్రదక్షిణలో షేక్ నోటికి కొన్ని చరణాలు వచ్చాయి. వెనుక నుండి ఒక చేయి భుజం తట్టింది. తిరిగి చూస్తే రూమ్ దేశపు యువతి. ఆమె ఒక్కొక్క చరణాన్నీ అడిగి చెప్పించుకొని, అందులోని లోపాన్ని ఎత్తి చూపింది. ప్రేమలో పూర్తిగా లీనమైనవాడికి తికమక పడేందుకు తనంటూ ఏం మిగిలి ఉంటుందన్నది ఆమె ప్రశ్న. తన కాలంలో మహాజ్ఞానిగా పేరొందిన వ్యక్తి, ఒక యువతి తనను దిద్దిన వైనాన్ని తానే వ్రాసి పెట్టడం గమనించదగిన విషయం.

ఇక కవితల పద్ధతి చూద్దాం. ఇస్లాంకు పూర్వపు అరబ్బు కవులు ఖసీదాను 'నసీబ్' అనే భాగంతో ఆరంభించేవారు. ప్రియురాలి తెగ గుడారాలు ఎత్తి వెళ్ళిపోయింది. కవి ఒంటెను ఆపి, మిగిలిన బూడిదనూ రాళ్ళనూ చూసి కన్నీరు కారుస్తాడు. ఎడారిలో సంచార జీవితం గడిపేవారికి వియోగం ప్రతి ఋతువులోనూ ఎదురయ్యే అనుభవమే. ఇబ్నుల్ అరబీ కొత్త భాషను సృష్టించుకోలేదు. ఈ శిథిలాలనూ, ఒంటెలనూ, తూర్పున మెరిసే మెరుపునూ, లైలా, సల్మా వంటి పాత పేర్లనూ యథాతథంగా తీసుకున్నారు. కనుక హలబ్ ఫఖీహ్‌కు వాటిలో పాత అర్థమే కనబడిందంటే ఆయన్ను పూర్తిగా తప్పుపట్టలేము. షరీఅత్ బాహ్యాన్ని చూచి తీర్పు చెబుతుంది.

ఆక్షేపణ సంగతి షేక్ శిష్యులైన బద్ర్ అల్ హబషీ, ఇస్మాయీల్ బిన్ సౌదకీన్‌ల చెవిన పడింది. వారి కోరికపై షేక్ తన కవితలకు తానే 'జఖాయిరుల్ అఅలాఖ్' అనే వ్యాఖ్యానం వ్రాశారు. అందులో కొంత భాగాన్ని ఖాజీ ఇబ్నుల్ అదీమ్ పలువురు ఫఖీహ్‌ల సమక్షంలో చదివారనీ, అది విని ఆక్షేపకుడు తన మాటకు తౌబా చేశారనీ షేక్ వ్రాశారు. ఇది ఒక పక్షం చెప్పిన వృత్తాంతమని చరిత్ర విద్యార్థి మరువరాదు.

వ్యాఖ్యానం ప్రకారం మెరుపు అంటే క్షణమాత్రం గోచరించి మాయమయ్యే దైవ సాక్షాత్కారం. ఒంటెలు మనిషిని ముందుకు మోసుకుపోయే సంకల్పాలు. శిథిల గృహాలు జ్ఞానుల హృదయాల్లో మిగిలిన దివ్యస్థితుల గుర్తులు. ప్రియురాలు వెళ్ళిపోవడమంటే ఆ స్థితి హృదయాన్ని విడిచిపోవడం.

అయితే వియోగం ఎందుకు? దీనికి జవాబు ఆయన 'ఫుతూహాతుల్ మక్కియ్యా'లో, ప్రేమను గురించిన 178వ అధ్యాయంలో ఉంది. ప్రేమ ఎప్పుడూ ఇంకా చేతికి రానిదానినే కోరుతుందని ఆయన సిద్ధాంతం. కలయిక లభించిందనుకొందాం. అప్పుడు ప్రేమికుడు ఆ కలయిక కొనసాగాలని కోరుతాడు. ఆ కొనసాగింపు ఇంకా ఉనికిలోకి రాలేదు. కనుక కలయికలోనూ కొరత ఉంటుంది. కలుసుకోగానే చల్లారే తపన 'షౌఖ్', కలుసుకొన్నకొద్దీ పెరిగేది 'ఇష్తియాఖ్'. మనిషి మీద కలిగే ప్రేమ మొదటిదానితో ఆగిపోవచ్చు. అనంతుడైన అల్లాహ్ మీది ప్రేమకు ఆగే చోటు లేదు. అందువల్ల అక్కడ విరహం ఓటమి కాదు, దాసుని స్థానాన్ని గుర్తు చేసే స్థితి.

ఈ సంపుటిలోని 11వ కవిత నేడు లోకమంతా ప్రసిద్ధం. 'ప్రేమమతం' అన్న మాటను అందులోంచి ఏరి, షరీఅత్ అవసరం లేదనే వాదానికి వాడేవారు ఉన్నారు. వారు కవిత చదివారు గాని వ్యాఖ్యానం చదవలేదు. అక్కడ షేక్ ఆ మాటను దివ్యఖుర్‌ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా 31వ ఆయతుతో ముడిపెట్టారు. దైవప్రవక్త (సల్లం)ను అనుసరించడమే అల్లాహ్ ప్రేమకు మార్గమని ఆ ఆయతు బోధిస్తుంది. కవికి అతి స్వేచ్ఛ అంటగట్టేవారూ, కవిలో కపటం చూసేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇద్దరూ ఆయన మాటను సగమే వింటున్నారు.

షేక్ సిద్ధాంతాలపై వివాదం ఆయన మరణం (హిజ్రీ 638, 1240)తో ముగియలేదు. ఇబ్నె తైమియా (మ. 1328) తీవ్రంగా ఖండించారు. దక్కనులో గుల్బర్గా హజ్రత్ గేసూదరాజ్ (మ. 1422) సూఫీ అయి ఉండి కూడా విమర్శించారు. అయినా గ్రంథాలు చదవబడుతూనే వచ్చాయి. 1911లో నికల్సన్ 'తర్జుమాన్'ను ఆంగ్లంలోకి అనువదించి వ్యాఖ్యాన భాగాలతో లండన్‌లో ప్రకటించాడు. మన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ 1948లో షేక్ చిన్న గ్రంథాలను 'రసాయిల్' పేరిట అచ్చు వేసింది.

తెలుగులో 'ఫిరాఖ్'కు వియోగమని, విరహమని రెండు మాటలున్నాయి. వియోగం విడిపోవడం అనే సంఘటన. విరహం ఆ తరువాత గుండెలో నిలిచిపోయేది. మక్కాలో మొదలైన పరిచయం సంవత్సరాలతో ముగిసిపోయింది, నిజామ్ సంగతి చరిత్రలో అక్కడితో ఆగిపోయింది. మిగిలిన విరహాన్ని మాత్రం షేక్ దాచుకోలేదు, కాదనలేదు. దాని ముఖాన్ని అల్లాహ్ వైపు తిప్పారు. ఆయనతో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా, ఒక మనిషి మాటకు అర్థం చెప్పే ముందు ఆ మనిషిని పూర్తిగా వినాలన్న పాఠం ఈ వివాదం నుండి అందరికీ దక్కుతుంది.