నాలుగు బుడిపెల కారు

నేల మీద పాత దుప్పటి పరిచి ఉంది. డబ్బా బోర్లించగానే ముక్కలన్నీ గలగలా కుప్పపడ్డాయి. దుప్పటి అంచులు కాస్త పైకి మడవండి, లేకపోతే సగం మంచం కిందికి పోతాయి. మీ ఎడమ పక్కన 1980ల నాటి చిన్న ఎర్ర లెగో కారు ఉంది. దాన్ని చూసి ఇప్పుడు కొత్తది కట్టాలి. అచ్చు దానిలాంటిదే అక్కర్లేదు. అదే ఊళ్లో, అదే వీధిలో తిరిగే ఇంకో కారులా ఉండాలి.

పాతదాన్ని ముందు వెల్లకిలా తిప్పండి. అడుగున ముందొకటి, వెనకొకటి చక్రాలు బిగించే పలుచటి ముక్కలు, అంటే ప్లేట్లు. టైరు ఎత్తు 14 మిల్లీమీటర్లు, మందం నాలుగే. పైకి తిప్పితే ఒక అద్దం, రెండు డోర్లు, ఒక స్టీరింగు. అంతే. వెడల్పు, ముక్కల పైనుండే బుడిపెల లెక్కన, నాలుగు. ఒక బుడిపె నడిమి నుంచి పక్కదాని నడిమికి 8 మిల్లీమీటర్లు కాబట్టి, మొత్తం కారు 32 మిల్లీమీటర్లలో ఇమడాలి.

ఈ కొలత ఎందుకు సరిపోతుందో తెలియాలంటే బొమ్మ మనిషిని సీట్లో కూర్చోబెట్టండి. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో యెన్స్ న్యూగోర్ క్నూడ్సెన్ రూపొందించిన ఈ చిన్న మనిషి, చేతులూ కాళ్లూ కదిలే రూపంలో 1978లో బయటికొచ్చాడు. అతని నడుము రెండు బుడిపెల వెడల్పు. అటొక బుడిపె, ఇటొక బుడిపె గోడలకు పోతే లెక్క నాలుగు. ఆ కాలపు లెగో ‘టౌన్’ సెట్ల కార్ల అందం నాకు ఇక్కడే కనిపిస్తుంది. కొలత ఏ నిజం కారుతోనో కాదు, లోపల కూర్చునేవాడి నడుముతో కుదురుతుంది.

సరే, కట్టడం మొదలుపెడదాం. చక్రాల ప్లేట్ల మీద పొడుగాటి ప్లేటు వెయ్యండి. టక్కుమని పడాలి. ఆ చప్పుడు రాకపోతే ఏదో మూల ఇంకా లేచే ఉందన్నమాట, బొటనవేలితో ఇంకోసారి నొక్కండి. మడ్‌గార్డులు పెట్టాక నేల మీద ఒకసారి దొర్లించి చూడండి. టైరు ఎక్కడా రాసుకోకూడదు. ఇది ఇప్పుడే చూసుకోవాలి, పైనంతా కట్టాక విప్పడం మహా బాధ.

ఇక ముందు భాగం. కారుకు మొహం వచ్చేది ఇక్కడే, అందుకే తొందరపడకండి. కుప్పలో వేళ్లు పెట్టి ఒక చిన్న ఇటుక వెతకండి. పైన బుడిపె ఉంటుంది, పక్కన కూడా ఒకటి ఉంటుంది, కానీ ఆ పక్క బుడిపె కొంచెం లోపలికి దిగి ఉంటుంది. కట్టేవాళ్లు దీన్ని హెడ్‌లైట్ ఇటుక అంటారు. గోరుతో తడిమితే ఆ గుంట తెలుస్తుంది. లోతు 1.6 మిల్లీమీటర్లు, అంటే ప్లేటు మందంలో సరిగ్గా సగం. అందులో పారదర్శకమైన గుండ్రటి ప్లేటు బిగిస్తే సగం లోపలికి వెళ్లి, సగం బయటికి ఉబ్బి నిలుస్తుంది. అచ్చం దీపమే. ఇలాంటివి నాలుగు వరసగా పెట్టండి. చివరి రెండింటికీ దీపాలు, నడిమి రెండింటికీ కలిపి ఒక జాలీ పలక. ఇంతసేపూ వట్టి డబ్బాలా ఉన్నది ఒక్కసారిగా మిమ్మల్ని చూస్తుంది.

ముక్కల్ని పక్కకు తిప్పి బిగించాలనుకుంటే ఒక లెక్క గుర్తుంచుకోండి. ప్లేటు మందం 3.2 మిల్లీమీటర్లు. అయిదు ప్లేట్లు పేరిస్తే 16, రెండు బుడిపెల వెడల్పూ 16. నిలువుకూ అడ్డానికీ మొదటిసారి పొత్తు కుదిరేది ఇక్కడే. చిన్న కార్లలో ఎక్కడా సందు కనపడకుండా చేసే పనితనమంతా దీని మీదే నడుస్తుంది.

బంపరుకు ఒక బూడిద రంగు ప్లేటు తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పాత కారులోని బూడిద ముక్క పక్కన పెట్టండి. తేడా తెలుస్తోందా? 2004 ప్రాంతంలో లెగో బూడిద రంగులను మార్చింది, కొత్తవాటిలో నీలి ఛాయ ఉంటుంది. రెండూ ఒకే కారులో కలిస్తే అతుకేసినట్టుంటుంది. పాత వీధిలో తిరగాల్సిన కారుకు పాత బూడిదే కావాలి. అది దొరక్కపోతే నలుపు వెయ్యండి, నీలి ఛాయ కంటే నలుపే నయం.

కప్పు పెట్టేముందు బొమ్మ మనిషికి టోపీ పెట్టి కూర్చోబెట్టండి. తల కప్పుకు తగిలేలా ఉంది. కప్పు లేపితే కారు పొట్టి వ్యానులా తయారవుతుంది. అందుకని సీటే ఒక ప్లేటు కిందికి దించండి. ఇప్పుడు సరిపోయింది.

మీ దగ్గర లేని ముక్కలతో కూడా కంప్యూటర్లో కట్టి చూసుకోవచ్చు. జేమ్స్ జెస్సిమన్ 1995లో ఎల్‌డ్రా అనే ప్రోగ్రాము తయారుచేసినప్పటి నుంచీ ఆ వీలుంది, రంగులు మార్చి చూడ్డానికి అంతకంటే సుఖం లేదు. కానీ కప్పు పిల్లల వేళ్లకు సులువుగా ఊడుతుందా, ఎత్తగానే డోరు రాలుతుందా అన్నది తెర చెప్పదు. చేత్తో పట్టుకునే చూడాలి.

2015లో వచ్చిన లెగో స్పీడ్ ఛాంపియన్స్ కార్లు ఆరు బుడిపెల వెడల్పు, 2020 నుంచి ఎనిమిది. నిజం కారుకు దగ్గరగా ఉంటాయి, ఇప్పుడు ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు. బాగుంటాయి, కాదనను. కానీ పాత టౌన్ వీధిలో పెడితే ఇళ్ల ముందు లారీలు నిలిపినట్టుంటుంది. నా ఓటు నాలుగుకే.

మీ కారు తయారైంది. పక్కింటి పాప వచ్చి దాన్ని రెండుసార్లు దొర్లించి, కప్పు తీసి, ఇంకో బొమ్మను పట్టుకుని అడుగుతోంది, "అంకుల్, అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?" పక్కన చోటు లేదు. వెనక సీటు కావాలంటే కారును నాలుగు బుడిపెలు పొడిగించాలి, అప్పుడు డిక్కీ కూడా మార్చాలి. వెనక చక్రాల ప్లేటు విప్పండి. పొడుగు ప్లేటు ఎరుపుది ఆ కుప్పలోనే ఎక్కడో ఉండాలి, పాపను కూడా వెతకమనండి.