స్నాయువు తొడుగులో పుట్టే నిరపాయకర కణితులు: పల్నాడు శ్రామికుల చేతివేళ్ల దృష్ట్యా ఒక పరిశీలన

చేతివేళ్లను ముడిచే ప్రధాన కండరాలు ముంజేతిలో ఉండి, స్నాయువుల, అంటే టెండన్ల ద్వారా వేలి ఎముకలను లాగుతాయి. స్నాయువు రాపిడి లేకుండా జారడానికి దాని చుట్టూ పలుచని పొర ఒకటి తొడుగులా ఉండి, లోపల కొద్దిపాటి జిగురు ద్రవాన్ని ఊరిస్తుంది. ఈ తొడుగును ఆశ్రయించి పెరిగే మృదుకణజాల కణితుల్లో ముఖ్యమైనవి రెండు: జెయింట్ సెల్ ట్యూమర్, ఫైబ్రోమా. ప్రాణహాని లేనివే అయినా, చేతిపనే జీవనాధారమైన వారి పట్టును ఇవి దెబ్బతీయగలవు.

మొదటిదాన్ని 1852లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు షాసెన్యాక్ స్నాయువు తొడుగు క్యాన్సర్‌గా వర్ణించాడు. 1941లో జాఫే, లిక్టెన్‌స్టైన్, సూట్రోలు దీనినీ, కీళ్లలో వచ్చే ఇటువంటి వ్యాధినీ ఒకే కోవలో చేర్చి, వాపు స్వభావం గలవిగా భావించారు. ఇది కణితా, వాపా అనే సందిగ్ధం దశాబ్దాలపాటు సాగి, 2006లో వెస్ట్ బృందం పరిశోధనతో చాలావరకు తొలగింది. అనేక కేసుల్లో ఒకటో, రెండో క్రోమోజోముల మధ్య ముక్కలు తారుమారు కావడంతో సీఎస్ఎఫ్1 అనే ప్రోటీన్ అతిగా తయారవుతుంది. అయితే దాన్ని తయారుచేసే అసలు కణితి కణాలు గడ్డలో కొద్దిభాగమే కాగా, మిగిలినవి ఆ ప్రోటీన్ ఆకర్షణకు వచ్చి చేరిన రోగనిరోధక కణాలు. అందువల్లనే సూక్ష్మదర్శినిలో అనేక కేంద్రకాలు గల మహాకణాలు, కొవ్వు నిండిన నురుగు కణాలు, పాత రక్తస్రావం మిగిల్చిన హీమోసిడరిన్ అనే ఇనుప వర్ణకం కలగలిసి కనిపిస్తాయి. కోసిన గడ్డ పసుపు, గోధుమ రంగుల్లో ఉండడానికి కారణం కూడా ఈ నురుగు కణాలూ, ఈ వర్ణకమే.

ఫైబ్రోమా అరుదైనది. 1979లో చుంగ్, ఎన్‌జింగర్‌లు 138 కేసులను పరిశీలించి దీని లక్షణాలను స్థిరపరిచారు. కణాలు తక్కువగా, కొల్లాజెన్ నార ఎక్కువగా ఉండే ఈ గట్టి గడ్డ పురుషుల్లో ఎక్కువగా కనిపిస్తే, జెయింట్ సెల్ ట్యూమర్ 30 నుంచి 50 ఏళ్ల మధ్య వారిలో, స్త్రీలలో కొంత అధికంగా కనిపిస్తుంది.

పల్నాడులో నరసరావుపేట, వినుకొండల మధ్యనున్న శావల్యాపురం వంటి మండలాల్లో పత్తి తీయడం, మిరపకాయ కోసి తొడిమ తుంచడం బొటనవేలు, చూపుడువేళ్ల కొసలతో సాగే పనులు. జెయింట్ సెల్ ట్యూమర్ కూడా చూపుడు, మధ్య వేళ్లకే ఎక్కువగా వస్తుంది కనుక పనే కారణమని అనుకోవడం సహజం. కాని దెబ్బకు, రాపిడికి ఈ కణితితో కార్యకారణ సంబంధం రుజువు కాలేదు. పని ఒత్తిడి తెచ్చే అసలు చిక్కు వైద్యుడికి చూపించడంలో ఆలస్యం. నొప్పి లేని, నెమ్మదిగా పెరిగే గడ్డ కోసం కూలి రోజును వదులుకోవడం ఎవరికైనా కష్టమే.

గడ్డమీద టార్చి వేసి చూస్తే గాంగ్లియన్ అనే ద్రవపు తిత్తి వెలుగుతుంది, ఈ గట్టి కణితి వెలగదు. ఎక్స్‌రేలో ఒక్కోసారి ఒత్తిడికి ఎముక గుంటపడినట్లు కనిపిస్తుంది. ఎంఆర్ఐలో హీమోసిడరిన్ ఉన్నచోట నల్లగా తోస్తుంది.

చికిత్స శస్త్రచికిత్సే. పునరావృతి వివిధ అధ్యయనాల్లో 4 నుంచి 44 శాతం వరకు నమోదు కావడానికి ప్రధాన కారణం, పెద్ద గడ్డ పక్కన స్నాయువు కిందికి దూరిన చిన్న బుడిపెలు మిగిలిపోవడం. చేతికి టూర్నికే కట్టి రక్తం లేని క్షేత్రంలో, భూతద్దపు కళ్లద్దాలతో నరాలను, రక్తనాళాలను కాపాడుతూ తొలగించడం అందుకే అవసరం. వేలి గడ్డను చిన్నపనిగా భావించి తొందరగా కోయడం సరికాదు. తిరిగి వచ్చినంత మాత్రాన అది క్యాన్సర్‌గా మారిందని కూడా కాదు. అయితే అరుదుగా సార్కోమా వంటి క్యాన్సర్లు ఇదే రూపంలో ఉంటాయి కనుక, తీసిన ప్రతి గడ్డనూ ఫార్మలిన్‌లో ఉంచి పాథాలజీ పరీక్షకు పంపాలి. ఆ నివేదిక కాగితాన్ని రోగి తన దగ్గర భద్రపరచుకోవాలి.