చరవాణికి మరొక ఆయువు

చరవాణి చెడకున్నను, తయారుచేసిన సంస్థ దాని ఆపరేటింగ్ సిస్టమును సవరించుట మానినచో అది పాతబడిపోవును. దీనికి విరుగుడు 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మూలకోడుతో సహా వెలువరించిన లినక్సుతో మొదలైనది. ఆండ్రాయిడు దానిపై నిర్మితమే. దాని తొలి ఫోను 2008లో వచ్చినది. మరుసటి ఏడు స్టీవ్ కోండిక్ ఆ మూలకోడును సవరించి సయనోజెన్‌మాడ్‌ను రూపొందించెను. అది 2016 డిసెంబరులో ఆగిపోయినను, కోడు బహిరంగముగ నుండుటచే ఇతరులు దానిని లీనియేజ్‌ఓఎస్ అను పేర కొనసాగించిరి. ఇదే బలముతో హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ కంప్యూటర్ల కొరకు లినక్సును తెలుగులోనికి తెచ్చినది.

అయితే కొత్త సిస్టమును స్థాపించుటకు ముందు, ఫోనును మేల్కొలుపు బూట్‌లోడరు తాళము తీయవలెను; అప్పుడు అందలి సమాచారమంతయు చెరిగిపోవును. తాళము తీయనీయని సంస్థలును కలవు. కావున మూలకోడు తెరచియున్న చాలదు. కొన్నవారి చేతికి తాళపుచెవియు రావలెను.