మిరపకాయల రైలు

2020 జూలైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కి ఒక పార్సిల్ రైలు వెళ్ళింది. 16 వ్యాన్లు, 384 టన్నుల ఎండుమిర్చి. మన రైల్వే దేశం దాటించిన మొదటి ప్రత్యేక పార్సిల్ రైలు అదే. వార్త చదవగానే నాకు వచ్చిన ప్రశ్న ఒకటే: ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదు?

గుంటూరు మిర్చి బంగ్లాదేశ్‌కి కొత్తేం కాదు. లారీల్లో పోయేది, టన్నుకి 7,000 రూపాయల దాకా ఖర్చయ్యేది. లాక్‌డౌన్‌తో ఆ దారికి అడ్డం పడింది. పోనీ గూడ్సు రైల్లో వేద్దామంటే ఒక్కసారికి కనీసం 1,500 టన్నులు ఉండాలి. చిన్న రైతుకి అదెలా కుదురుతుంది? 500 టన్నుల దాకా తీసుకెళ్ళే పార్సిల్ రైలుతో ఆ చిక్కు విడిపోయింది. టన్నుకి 4,608 రూపాయలే పడింది.

అయితే ఆ సరిహద్దు దగ్గరి పట్టాల కథ చాలా పాతది. బొంగావ్, జెస్సోర్ మీదుగా ఖుల్నాకి 1880లలో వేసిన లైను అది. విభజనతోనే అక్కడ రైళ్ళు ఆగిపోయాయని నేను చాన్నాళ్ళు అనుకున్నాను. నిజానికి 1947 తర్వాత మరో 18 ఏళ్ళు రైళ్ళు అటూ ఇటూ తిరిగాయి. ఆపింది 1965 యుద్ధం. 1971లో బంగ్లాదేశ్ పుట్టి రెండు దేశాలూ స్నేహితులయ్యాక కూడా అన్ని దారులూ తెరుచుకోలేదు. ఒకప్పుడు డార్జిలింగ్ మెయిల్ వెళ్ళిన హల్దీబాడి–చిలాహాటి దారి మళ్ళీ తెరుచుకున్నది 2020 డిసెంబర్ 17న, 55 ఏళ్ళ తర్వాత.

పోలండ్, బెలారస్ సరిహద్దులో పట్టాల వెడల్పే మారిపోతుంది. ఒకవైపు 1,435 మిల్లీమీటర్లు, ఇంకోవైపు 1,520. కంటైనర్లని క్రేన్లతో ఎత్తి ఒక రైల్లోంచి ఇంకో రైల్లోకి మార్చాలి. అయినా సరుకు నడుస్తోంది. బెనాపోల్ దగ్గర ఆ బాధే లేదు, రెండువైపులా 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజే. ఇక్కడ కుదరాల్సినవి వేరు: ఎవరి ఇంజిను ఎక్కడిదాకా లాగాలి, వ్యాగన్లు ఎన్నాళ్ళలో తిరిగి రావాలి, కస్టమ్స్ తనిఖీ ఎక్కడ చెయ్యాలి. ఇవన్నీ ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే తేలేవే. మాటలు ఆగిన రోజున మాత్రం ఎంత మంచి పట్టాలైనా ఎందుకూ పనికిరావు.

2024 జూలైలో రెండు దేశాల మధ్య తిరిగే ప్రయాణికుల రైళ్ళు మళ్ళీ ఆగిపోయాయి. 1965లో రైళ్ళు ఆగినప్పుడు కూడా, మళ్ళీ 55 ఏళ్ళు పడుతుందని ఎవరూ అనుకుని ఉండరు.